ఒంటిచేత్తో చేసిందనకండి!

పోయిన కార్తీకంలో మా వీధి చివర కళ్యాణ మండపంలో ఒక సంస్మరణ సభ జరిగింది. మా స్నేహితురాలు కన్నుమూసి అప్పటికి ఏడాది. స్టేజీ మీద ఆమె ఫోటో, దానికో చామంతి దండ, ముందు దీపం. మొదటి వరసలో ఆమె భర్త, ఇద్దరు కొడుకులు. చివరి వరసలో, ఫ్యాను కింద కుర్చీలో, ఎనభైకి దగ్గరపడిన ఆమె అత్తగారు.

ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ మగవాళ్ళే. వాళ్ళు చెప్పిన సంగతులు నిజమే, వాళ్ళ అభిమానాన్నీ నేను శంకించను. కానీ మైకు ముందుకొచ్చిన ప్రతివారూ ఇంచుమించు ఒకే మాట అన్నారు: “ఇల్లాలిగా తన బాధ్యతల్ని ఏమాత్రం నిర్లక్ష్యం చేయకుండా, అత్తమామల్నీ పిల్లల్నీ కంటికి రెప్పలా చూసుకుంటూ, పూజా పునస్కారాలు మానకుండా, ఇంత సేవనీ ఒంటిచేత్తో చేసిన ఆదర్శ మహిళ!”

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతూ యథాలాపంగా వెనక్కి తిరిగి చూస్తే ఆ అత్తగారు మాత్రం కొట్టడం లేదు. పమిట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. సభ అయ్యాక చెయ్యిపట్టి మెట్లు దింపుతుంటే నా చెవిలో అన్నారు: “ఒంటిచేత్తో చేసిందట! మరి పదేళ్ళు నేను గరిటె పట్టుకుని నుంచున్నది ఎవరింట్లోనే అమ్మాయ్?”

కోపంతో అన్నది కాదు. నవ్వుతూనే అన్నారు. కానీ ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్ర పోనివ్వలేదు. అప్పట్నుంచీ అనిపిస్తోంది, మనం పోయినవాళ్ళని పొగిడే తీరులోనే ఎక్కడో పెద్ద పొరపాటు ఉందని. అది చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

ఆమె పేరు రాయను. బతికుండగా ఎవరైనా ఫోటో తీస్తుంటే “ఆ మూల బియ్యం బస్తా ఉంది, దాన్ని తియ్యండి” అని పక్కకి తప్పుకునే మనిషి. పేరు రాస్తే నొచ్చుకుంటుంది.

2010లో నేను పెళ్ళయి రాజమండ్రి వచ్చాను. బీకాం చదివి, ఉద్యోగం లేక, పరిచయాలు లేక, మధ్యాహ్నాలు ఎలా గడపాలో తెలీక గోడలు చూస్తూ కూర్చునే రోజులు. ఒకరోజు తలుపు కొట్టింది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేత చీర, చేతిలో మూతున్న చిన్న స్టీలు డబ్బా. “కొత్తగా వచ్చావటగా. ఇది నీ డబ్బా. పొద్దున్న ఎసట్లో బియ్యం పోసేప్పుడు ఒక గుప్పెడు ఇందులో వెయ్యి. నెలాఖరుకి వచ్చి పట్టుకెళతాను” అంది. ఎందుకని అడిగితే, “ముందు వెయ్యి, తరవాత చెబుతాను” అంది. అంతే! నాకు ఆ ఊళ్ళో దొరికిన మొదటి స్నేహితురాలు అలా దొరికింది.

ఆ గుప్పెడు బియ్యం మా వీధిలో ముప్పై ఇళ్ళ నుంచి నెలకి రెండు బస్తాలయ్యేవి. ఎవరూ లేని ముసలివాళ్ళ ఇళ్ళకి కొంత, ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చి చెట్టుకింద పడుకునేవాళ్ళకి వండి పంపేది కొంత. ఇదేమీ ఆమె కనిపెట్టింది కాదు. మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న పిడికెడు బియ్యం పద్ధతే. మనం మరిచిపోయాం, ఆమె మరిచిపోలేదు.

తరవాత్తరవాత పనులు పెరిగాయి. పింఛను కాగితాలు రాసిపెట్టడం, నెలలు నిండిన పనిమనుషుల్ని పరీక్షలకి తీసుకెళ్ళడం, బడి మానేసిన పిల్లల ఇంటికి వెళ్ళి తల్లులతో మాట్లాడటం, ఒంటరి ఆడవాళ్ళకి ఆసుపత్రిలో తోడుండటం. సంఘం పేరు లేదు, రసీదు పుస్తకం లేదు, బ్యానరు లేదు. ఒక లాంగ్ సైజు నోటుబుక్కు మాత్రం ఉండేది. అందులో స్కేలుతో గీసిన ఐదు గడులు: తేదీ, పేరు, వీధి, ఏం పని, తోడు ఎవరు. ఆ ఆఖరి గడి మీద ఆమెకి ప్రత్యేకమైన పట్టు. “పని ఎలాగో అలా అవుతుందే. తోడు లేక ఆగిపోతారు ఆడవాళ్ళు” అనేది.

మరి ఇవన్నీ ఒంటిచేత్తో చేసిందా? అస్సలు లేదు! ఆమెకి దేవుడిచ్చిన గొప్ప గుణం సేవ కాదంటాను నేను. అడగడం. మొహమాటం లేకుండా, బతిమాలకుండా, అవతలివాళ్ళకి అదేదో తమ పనే అనిపించేలా అడగడం.

“బుధవారం నీకేం పని? నాకు రెండు గంటలు కావాలి.” ఇదీ ఆమె అడిగే పద్ధతి. ‘వీలైతే’, ‘కుదిరితే’, ‘ఏమీ అనుకోకపోతే’ అనే మాటలు ఆమెకి రావు. మనం ‘వీలైతే’ అంటే అవతలివాళ్ళకి వీలు కాదు మరి!

అత్తగారు మొదట్నుంచీ కలిసొచ్చిన మనిషేం కాదు. మొదటి రెండేళ్ళూ “కోడలు ఇల్లు వదిలి ఊరి మీద పడింది” అని ఇంటింటికీ చెప్పుకున్నారు. ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెబుతారు. కోడలు ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. ఒక శ్రావణ శుక్రవారం వంటింట్లోకి వెళ్ళి, “అత్తయ్యా, రేపు యాభైమందికి పులిహోర కావాలి. నేను కలిపితే ఉప్పుంటే పులుపుండదు. మీరు కలపాల్సిందే” అంది. ఆ పులిహోర గుండిగ దగ్గర మొదలైన అత్తగారు పదేళ్ళు పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. కోడలు బయటికెళితే వంటిల్లు ఆవిడదే. చిన్నపిల్లాడికి జ్వరమొస్తే రాత్రి మేలుకున్నది ఆవిడే.

భర్త తాడితోటలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తారు. ఆయనా అంతే. పెళ్ళయిన కొత్తలో మంచినీళ్ళ గ్లాసు కూడా ముంచుకోని మనిషి, పిల్లల క్యారేజీలు తోమి, మూతలు విడివిడిగా ఆరబెట్టడం నేర్చుకున్నారు. నేర్పింది ఆమే. ఎవరైనా చుట్టాలు వచ్చి “అయ్యో, మగాడిచేత తోమిస్తున్నావా?” అంటే, “తోమకపోతే రేపు ఆయన తినేది కూడా అందులోనే కదండీ” అనేది.

ఇంకో సంగతి సభలో ఎవరూ చెప్పనిది నేను చెబుతాను. ఆమె చాలా పనులు వదిలేసేది! ఉతికిన బట్టలు మూడేసి రోజులు మంచం మీద కొండలా ఉండేవి. రెండేళ్ళు ఆవకాయ పెట్టలేదు, కొనుక్కున్నారు. పిల్లలు పెరుగన్నం, మాగాయతో బడికెళ్ళిన రోజులు ఎన్నో. దీపావళికి ఇల్లు దులపని సంవత్సరం కూడా నాకు తెలుసు. ‘ఇంటిని ఏమాత్రం నిర్లక్ష్యం చేయకుండా’ అన్నారే, అది నిజం కాదు. ఇంట్లో ఏది ఆగితే ఫరవాలేదో, ఏది ఆగకూడదో ఆమెకి తెలుసు. ఆ వివేకానికి చప్పట్లు కొట్టాలి గాని, లేని నిర్వాహకాన్ని ఆమెకి అంటగట్టకూడదు. ఆ పిల్లలిద్దరూ ఏమైపోయారు? ఒకడు ఇంజనీరింగు, ఒకడు డిగ్రీ. ఇద్దరికీ అన్నం వార్చడం వచ్చు.

ఆమె భక్తి గురించి కూడా సభలో చాలా చెప్పారు. నిజమే, తెల్లవారుజామున దీపం పెట్టందే కాఫీ తాగేది కాదు. కార్తీకంలో గోదావరి స్నానం, సోమవారాలు మార్కండేయస్వామి గుడి, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం. కానీ దేవుడి గదిలో ఆమె గడిపేది పావుగంటే. “లలిత చదువుతుండగా ఎవరైనా తలుపు కొడితే?” అని అడిగాను ఓసారి. “లేచి తీస్తాను. అమ్మవారికి తొందరేం ఉంది? ఆవిడ ఎక్కడికీ పోదుగా” అంది.

2015 జులైలో మాకు గోదావరి పుష్కరాలు. మా వీధి మొదట్లో చలివేంద్రం పెట్టాం. అమ్మలక్కలందరం వంతులు వేసుకుని మజ్జిగ, మంచినీళ్ళు పోశాం. మొదటిరోజే, 14వ తేదీ పొద్దున్న, పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట. పాతికమందికి పైగా భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజు ఊరు ఊరంతా ఎలా ఉందో చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు. తనవాళ్ళ నుంచి తప్పిపోయి, చెప్పులు లేకుండా, ఎటు పోవాలో తెలీక వణుకుతూ మా పందిరి కిందికి వచ్చిందో పెద్దావిడ. వేరే జిల్లావాళ్ళు. ఆవిడ నోట్లోంచి కొడుకు పేరు తప్ప మరో మాట లేదు. మా స్నేహితురాలు ఆవిడని ఇంటికి తీసుకెళ్ళింది. అత్తగారు తన మంచం ఇచ్చి తను చాప మీద పడుకున్నారు. భర్త రాత్రంతా స్కూటరు మీద తిరిగి, మర్నాడు మధ్యాహ్నానికి ఆ కొడుకుని వెతికి పట్టుకొచ్చారు. ఇందులో ఒంటిచెయ్యి ఎక్కడుందో మీరే చెప్పండి!

ఆ పన్నెండు రోజులూ చలివేంద్రం దగ్గరే ఉండి, గోదావరి ఒడ్డున ఉన్న మనిషి పుష్కర స్నానమే చేయలేదు. ఆఖరిరోజు “పోనీ ఇప్పుడైనా వెళ్ళి మూడు మునకలేసి రా అక్కా” అన్నాను. “ఇన్ని నీళ్ళు పోశాం కదే, ఈసారికి అదే స్నానం. పన్నెండేళ్ళకి మళ్ళీ వస్తాయిగా” అంది.

2021 మే నెలలో కరోనా రెండో విడత. పన్నెండు గంటలు దాటితే కర్ఫ్యూ. ఇంటిల్లిపాదీ మంచాన పడ్డ ఇళ్ళకి రోజుకి నలభై భోజనాలు పంపాం. అన్నం ఒక ఇంట్లో, కూర ఒక ఇంట్లో, చారు మా ఇంట్లో. పొట్లాలు కట్టడం పిల్లలు. పదకొండున్నరలోపు గుమ్మాల ముందు పెట్టి బెల్లు కొట్టి వచ్చేయడం మగవాళ్ళు. చారు కాచడం తప్ప ఇంకేమీ చేతకాదనుకునే నాకు, నా చారు మీద నాకే గౌరవం కలిగింది ఆ నెలలోనే. ఆ గౌరవం ఆమె పెట్టిన భిక్ష.

ఇప్పుడు చెప్పండి. ఇంతమంది చేతుల్ని కలిపిన మనిషిని పట్టుకుని ‘ఒంటిచేత్తో’ అంటే, అది పొగడ్త అవుతుందా?

ఈ ఆలోచనలో ఉండగా మా ఊరి ఇల్లాలే ఒకరు గుర్తొచ్చారు. కందుకూరి వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారని బడిలో అందరం చదువుకున్నాం. ఆ పెళ్ళినాడు ఊరు ఎదురుతిరిగింది. వంటవాళ్ళు రామన్నారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి తానే నీళ్ళు మోసుకొచ్చి, తానే వండి, పెళ్ళివారికి పెట్టారు. ఆ తరవాత ఆ ఇంట్లో తలదాచుకున్న వితంతువుల్ని కన్నతల్లిలా చూసుకున్నదీ ఆవిడే. 1910లో పోయేదాకా ఆవిడ పని అదే. ఆవిడ బిందె ఎత్తకపోతే ఆ రోజు పెళ్ళి భోజనాల మాట ఏమయ్యేది?

ప్రతి సేవ వెనకా ఒక వంటిల్లు ఉంటుందండీ. మగవాడు సేవ చేస్తే ఆ వంటిల్లు ఆడది చూస్తుంది. అది అందరికీ తెలుసు కాబట్టి ఆయన సంస్మరణ సభలో “ఇంట్లో వంట ఏనాడూ మానకుండా, పిల్లలకి జడలు వేస్తూనే ఇంత సేవ చేశారు” అని ఎవరూ అనరు. అంటే నవ్వుతారు కూడా! ఆడది సేవ చేస్తే మాత్రం ఆ వంటిల్లు ఎవరు చూశారని అడగం. ఆమే చూసుకుని ఉంటుందని తీర్మానించేస్తాం. అంటే మనం ఆమె సేవని మెచ్చుకోవడం కాదు, ఇంటిపని ఎగ్గొట్టనందుకు క్షమించడం!

2024లో కేంద్ర ప్రభుత్వం ఎవరి సమయం ఎలా ఖర్చవుతోందని ఒక సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు ఒకరివి, గంటన్నర కూడా నిండనిది ఇంకొకరిది. ఇందులోంచి ఊరికోసం రెండు గంటలు తీయాలంటే, ఇంట్లో ఎవరో ఒకరు ఆ రెండు గంటలూ భుజం మార్చుకోవాలి. లేకపోతే ఆమె నిద్రలోంచి తీయాలి, లేదా ఒంట్లోంచి తీయాలి. మూడో దారి లేదు.

‘ఒంటిచేత్తో’ అన్న పొగడ్త చేసే చెరుపు అంతా ఇంతా కాదు. మా ఎదురింటి కొత్తకోడలు చదువుకున్న పిల్ల, చురుకైన పిల్ల. సభ నుంచి తిరిగొస్తూ, “ఆవిడ దేవతండీ, మనవల్ల ఎక్కడవుతుంది!” అంది. చూశారా! దేవతని చేసేశాక ఇంక మనం చేయాల్సిందేమీ ఉండదు, దండ వేసి ఇంటికి రావడమే. అదే, “ఆవిడ బట్టలు మడత పెట్టేది కాదమ్మా, అత్తగారిని బతిమాలి పులిహోర కలిపించింది, మొగుడికి క్యారేజీ తోమడం నేర్పింది” అని చెప్పి ఉంటే, ఆ పిల్ల మర్నాడే “నాకు మంగళవారం ఖాళీ” అని వచ్చేదేమో!

అంతకంటే పెద్ద చెరుపు ఇంకోటుంది. అది చెప్పడానికే ఇంతసేపూ ధైర్యం కూడగట్టుకున్నాను.

అందరూ పదే పదే అంటూంటే ఆ మాట ఆమె కూడా నమ్మింది.

2023 శ్రావణం నాటికే ఆమెకి నెల మధ్యలో కొద్దికొద్దిగా ఎరుపు కనిపించేదట. ఎవరికీ చెప్పలేదు. నలభై నాలుగేళ్ళు, ఆగిపోయే వయసు, ఇలాగే ఉంటుందనుకుంది. మనలో చాలామందిలాగే వ్రతాలకీ, కార్తీకానికీ నెలసరి వాయిదా మాత్రలు వేసుకునే అలవాటు ఆమెకీ ఉంది. ఆ మాత్రల తేడా ఏమోలే అనుకుంది. మాత్రలవల్ల జబ్బొచ్చిందని నేను అనడం లేదు. ఒంట్లో మోగుతున్న గంటని అవి వినపడకుండా చేశాయి, అంతే. సంక్రాంతికి నడుం నొప్పితో లేవలేకపోతే అప్పుడు వెళ్ళింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు. ముదిరిపోయింది.

విశాఖలో రేడియేషన్ ఇచ్చారు. మొదటిసారి చూడ్డానికి వెళ్ళినపుడు ఏడుస్తూ అడిగాను, “ఇంతమందిని ఆసుపత్రికి తీసుకెళ్ళావు, నువ్వెందుకు వెళ్ళలేదక్కా?” అని. కాసేపు కిటికీ వైపు చూసి అంది: “నాకు తోడెవరినడగనే? ఊళ్ళోవాళ్ళ పనికోసం ఇంట్లోవాళ్ళని ఇప్పటికే ఎంత వాడుకున్నాను! నా ఒంటి కోసం కూడా అడిగితే బావుంటుందా?”

విన్నారా! ఊరందరి కోసం నోరారా అడిగిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంది. పరాయివాళ్ళ కోసం అడగడం సేవ, తన కోసం అడగడం స్వార్థం అనుకుంది. ఆమె జీవితంలో నిజంగా ఒంటిచేత్తో చేసింది ఆ ఒక్కటే. జబ్బుని మోయడం. 2024 కార్తీకంలో ఆమె వెళ్ళిపోయింది. నలభై అయిదేళ్ళు.

నేనేం తక్కువ తినలేదు. అంతకు ముందు దసరాలకి ఆమె నడుం పట్టుకుని గోడకి ఆనుకోవడం నేను చూశాను. “కాస్త రెస్టు తీసుకో అక్కా” అన్నాను. అని, పది నిమిషాల తరవాత మా పిన్ని కూతురి పింఛను కాగితాలు ఆమె చేతిలో పెట్టాను! “బుధవారం నీకేం పని? నీకోసం నాకు రెండు గంటలు కావాలి. పద డాక్టరు దగ్గరికి” అని నేనెందుకు అనలేకపోయాను? ఆమె దగ్గర పద్నాలుగేళ్ళు ఏం నేర్చుకున్నట్టు?

ఈ క్యాన్సరు రాత్రికి రాత్రి వచ్చేది కాదు. చాలావరకు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. అది చొరబడ్డాక క్యాన్సరుగా మారడానికి సాధారణంగా ఏళ్ళకి ఏళ్ళు పడుతుంది. అంటే పట్టుకోవడానికి మనకి బోలెడంత సమయం ఉంటుంది. ముప్పై దాటిన ఆడవాళ్ళకి చేసే పరీక్ష కొద్ది నిమిషాల పని. కోత లేదు, మత్తు లేదు. ముందుగా పట్టుకుంటే, క్యాన్సరుగా మారకముందే నయం చేయొచ్చు. ఆడపిల్లలకి తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య వేయించే టీకా కూడా ఉంది. మన దేశంలో తయారైన టీకాకి 2022లోనే అనుమతి వచ్చింది. ఇన్ని ఉండీ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు! మిగతా తొంభై ఎనిమిది మందీ ఏం చేస్తున్నాం? పిల్లల పరీక్షలయ్యాక, పండగయ్యాక, పెళ్ళయ్యాక, కార్తీకం వెళ్ళాక అనుకుంటున్నాం.

నెలసరి మధ్యలో ఎరుపు కనిపించినా, భర్తతో కలిశాక కనిపించినా, ఆగిపోయిన తరవాత మళ్ళీ కనిపించినా, దుర్వాసనతో తెలుపు అవుతున్నా, దయచేసి ‘వయసు’ అని సర్దుకోకండి. పూజకి అడ్డమని మాత్ర మింగి ఊరుకోకండి. అమ్మవారు కూడా ఆడదే! మన ఒళ్ళు దాచుకుని తన దగ్గరికి రమ్మని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఈ మాట అనే హక్కు నాకుందో లేదో తెలీదు గాని, లలిత చదువుతూ మధ్యలో లేచి ఊళ్ళోవాళ్ళకి తలుపు తీసిన నా స్నేహితురాలు, తన ఒళ్ళు తలుపు కొట్టినపుడు మాత్రం తీయలేదు. ఆ బాధతో అంటున్నాను.

సంస్మరణ సభలు పెట్టేవాళ్ళని ఒకటే కోరుతున్నాను. పోయినావిడ ఎంత చేసిందో చెప్పండి, తప్పకుండా చెప్పండి. దాంతోపాటు ఆవిడకి ఎవరెవరు ఏం చేశారో కూడా చెప్పండి. గరిటె పట్టిన అత్తగారిని చివరి వరసలో కాదు, స్టేజీ మీద కూర్చోబెట్టండి. క్యారేజీలు తోమిన భర్తని నిలబెట్టి చెప్పించండి, సిగ్గుపడితే పడనీండి. అది వింటున్న మగపిల్లలకి అంతకంటే మంచి పాఠం లేదు.

ఇక మనం. ఎవరైనా “అబ్బ, అన్నీ ఒక్కదానివే ఎలా చేసుకుంటావే!” అంటే మురిసిపోవడం మానేద్దాం. అందులో తేనె ఉంది గాని, అడుగున ఉరితాడు కూడా ఉంది. “ఒక్కదాన్నీ చేసుకోనండీ, అడుగుతాను” అని చెబుదాం. ముందు మన ఒంటి కోసం అడుగుదాం. ఆ తరవాతే ఊరికోసం.

ఆమె నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. దశదినాలయ్యాక అత్తగారే తెచ్చిచ్చారు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీదాకా వెతికాను. వందకి పైగా పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. ‘తోడు ఎవరు’ అన్న గడిలో మాత్రం సగం చోట్ల ఆమె పేరే.

మా వీధివాళ్ళం కొత్త నోటుబుక్కు కొన్నాం. అవే ఐదు గడులు గీశాం. మొదటి పేజీలో ఊళ్ళోవాళ్ళ పేర్లు కాదు, మా పేర్లు రాసుకున్నాం. ఒక్కొక్కరం పరీక్షకి వెళ్ళాల్సిన తేదీ, పక్కన తోడెవరో. నా పక్కన ఎదురింటి కోడలి పేరుంది. ఆ పిల్ల పక్కన నా పేరుంది. మా ఇద్దరిదీ అయిపోయింది. పావుగంట కూడా పట్టలేదు. బయటికొచ్చి చెరుకురసం తాగి ఏడ్చాం.

2027లో మాకు మళ్ళీ పుష్కరాలు. ఆమె చేస్తానన్న స్నానం అలాగే ఉండిపోయింది. చలివేంద్రం మాత్రం అక్కడే పెడతాం. అత్తగారు ఇప్పటినుంచే షరతులు చెబుతున్నారు: “పులిహోర నేనే కలుపుతాను. చింతపండు పిసికి పులుసు తియ్యడం మాత్రం మగపిల్లలదే. నా ఒంటిచేత్తో కాదు!”